ఏమస్ అలోంజో స్టాగ్: తొలితరం అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్ కోచ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలోకి తొంగిచూసిన ప్రతి పాఠకుడికీ స్టాగ్ పేరు తొందరగానే ఎదురవుతుంది, దాని వెంటే సందేహాలూ మొదలవుతాయి. ఒకే రకమైన సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. ప్రశ్నలు ఆయన జీవిత దశల ప్రకారం ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదట తెలుసుకోవలసినవి

ఇంతకీ ఈ స్టాగ్ ఎవరు? ఆయనకు అంత పేరు ఎందుకు?

ఏమస్ అలోంజో స్టాగ్ 1862 నుంచి 1965 వరకు జీవించిన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. 1890లో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టి, 98 ఏళ్ల వయసులో, 1960లో విరమించారు. ప్రధాన కోచ్‌గా 57 సీజన్లు పనిచేయగా, అందులో 41 సీజన్లు చికాగో విశ్వవిద్యాలయంలోనే గడిచాయి. విజయాల సంఖ్య కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆయన రంగంలోకి దిగేనాటికి అమెరికన్ కళాశాలల్లో కోచ్ అనేది ఉద్యోగం కాదు. జట్టు కెప్టెనో, సెలవుల్లో వచ్చి వెళ్లే పూర్వ విద్యార్థో ఆ పని చూసేవారు. దానిని జీతం, ప్రొఫెసర్ హోదా, శాశ్వత నియామకం ఉన్న వృత్తిగా నిలబెట్టిన తొలి వ్యక్తిగా చరిత్రకారులు స్టాగ్‌ను చూస్తారు. ఈ రోజు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ కోచ్‌కు ఉన్న ప్రాబల్యాన్ని మెచ్చుకునేవారైనా, విసుక్కునేవారైనా ఆయన దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట కదా, ఇది అదేనా?

కాదు. మన దగ్గర ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ రగ్బీ నుంచి పుట్టింది. ఇందులో కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, ప్రత్యర్థులు పట్టి పడగొడతారు. స్టాగ్ యువకుడిగా ఉన్న రోజుల్లో మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకు వెళ్లలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోయేది. బంతిని ముందుకు విసరడం నిషేధం. అందువల్ల అప్పటి ఆటలో ఎక్కువ భాగం మనుషులు ఒకరినొకరు గుంపుగా తోసుకోవడంతోనే గడిచేది.

## బాల్యం, యేల్ విశ్వవిద్యాలయం

ఆయన సంపన్న కుటుంబం నుంచి వచ్చారా? యేల్‌లో చదివారంటే అలాగే అనిపిస్తుంది.

అది సరైన అంచనా కాదు. ఆయన 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో, చెప్పులు కుట్టి జీవించే ఒక బీద కుటుంబంలో పుట్టారు. ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో కొంతకాలం చదివి, ఆ తర్వాత కనెక్టికట్‌లోని యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. చదువు ఖర్చుల కోసం చిన్నాచితకా పనులు చేసుకుంటూ, తిండి విషయంలో కూడా పొదుపు చేసిన విద్యార్థి ఆయన. తర్వాతి కాలంలో మద్యం, పొగాకు, దుబారాల పట్ల ఆయన చూపిన కఠినత్వంలో ఈ రోజుల ప్రభావం, దానితోపాటు బలమైన క్రైస్తవ విశ్వాసం కనిపిస్తాయి.

ఆయన మొదట బేస్‌బాల్ ఆటగాడని చదివాను. నిజమేనా?

నిజమే. యేల్‌లో ఆయన ముందుగా బేస్‌బాల్ పిచర్‌గానే (బంతి విసిరే ఆటగాడిగానే) ప్రసిద్ధులయ్యారు. 1888లో ప్రిన్స్‌టన్‌తో జరిగిన ఒక మ్యాచ్‌లో 20 మంది బ్యాటర్లను స్ట్రైక్ అవుట్ చేశారు. వృత్తి బేస్‌బాల్ జట్లు ఆయన వెంటపడ్డాయి. న్యూయార్క్ జట్టు 4,200 డాలర్లు ఇస్తామంది, ఆ కాలానికి అది చాలా పెద్ద మొత్తం. ఆయన నిరాకరించారు. వృత్తి ఆట మద్యం దుకాణాలతోను, జూదంతోను ముడిపడి ఉందని, చదువుకున్న యువకుడికి అది తగిన స్థలం కాదని ఆయన నమ్మకం. ఆటను ప్రేమించి, ఆటను అమ్ముకోవడాన్ని అసహ్యించుకున్న ఈ ధోరణి చివరి వరకు మారలేదు. అయితే ఆయన నిర్మించిన చికాగో ఫుట్‌బాల్ లక్షల మందిని టికెట్టు కొని మైదానానికి రప్పించింది. ఆ వైరుధ్యాన్ని ఆయన వైరుధ్యంగా చూసినట్టు కనిపించదు.

1888లో యేల్ జట్టు 698–0 అని ఒకచోట ఉంది. అది అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. ఆ సీజన్ మొత్తంలో యేల్ చేసిన పాయింట్లు 698, ప్రత్యర్థులందరూ కలిసి చేసినవి సున్నా. అప్పటికి కొన్ని తూర్పు తీర కళాశాలలు మాత్రమే ఆటను పద్ధతిగా నేర్చుకున్నాయి కాబట్టి జట్ల మధ్య అంతరం అంతలా ఉండేది. స్టాగ్ ఆ జట్టులో ఎండ్ (వరుస చివరి) స్థానంలో ఆడారు. మరుసటి సంవత్సరం, అంటే 1889లో, దేశంలోనే మొదటిసారిగా ప్రకటించిన ఆల్ అమెరికా జట్టులో (ఆ ఏటి ఉత్తమ కళాశాల ఆటగాళ్ల జాబితాలో) ఆయనకు చోటు దక్కింది.

పాస్టర్ కావాలనుకున్న మనిషి కోచ్ ఎలా అయ్యారు?

యేల్‌లో డిగ్రీ తర్వాత ఆయన అక్కడే దైవశాస్త్రంలో చేరారు. ప్రసంగ వేదిక మీద తాను రాణించలేనని ఆయనకు త్వరలోనే అర్థమైంది. మాట సాఫీగా సాగేది కాదు, సభ ముందు తడబడేవారు. ఆ చదువును వదిలేసినా మతసేవ ఆలోచనను వదల్లేదు. యువకుల శరీరాన్ని, నడవడికను తీర్చిదిద్దడం కూడా సువార్త పనే అని నిర్ణయించుకుని 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) శిక్షణ పాఠశాలకు వెళ్లారు. కాబట్టి ఆయన ఒక వృత్తిని విడిచి మరొక వృత్తిలోకి వెళ్లారనడం కంటే, అదే ఉద్దేశానికి వేదికను మార్చుకున్నారనడం సరిగ్గా ఉంటుంది.

## స్ప్రింగ్‌ఫీల్డ్: 1890 నుంచి 1892 వరకు

బాస్కెట్‌బాల్ పుట్టుకతో ఆయనకు సంబంధం ఉందా?

ఆటను కనిపెట్టింది జేమ్స్ నైస్మిత్, 1891 డిసెంబరులో. నైస్మిత్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్టాగ్‌కు సహోద్యోగి. స్టాగ్ నడిపిన ఫుట్‌బాల్ జట్టులో సెంటర్‌గా ఆడినవారు కూడా. 1892 మార్చి 11న జనం ముందు ఆడిన తొలి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో విద్యార్థులు ఉపాధ్యాయులను 5–1 తేడాతో ఓడించారు. ఉపాధ్యాయుల తరఫున ఆ ఒక్క బుట్ట వేసింది స్టాగే. చికాగోకు వెళ్లాక ఈ ఆటను అక్కడ వ్యాప్తి చేశారు. 1896 జనవరిలో చికాగో, అయోవా విద్యార్థుల మధ్య జట్టుకు అయిదుగురు చొప్పున ఆడిన మ్యాచ్‌ను ఏర్పాటు చేయడంలో కూడా ఆయన పాత్ర ఉంది. 1959లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి జాబితాలోనే ఆయన పేరు చేరింది.

## చికాగో: 1892 నుంచి 1932 వరకు

ఫుట్‌బాల్ నేర్పేవారికి ప్రొఫెసర్ హోదా ఎందుకు ఇచ్చారు?

దీనికి సమాధానం విలియం రైనీ హార్పర్ అనే వ్యక్తిలో ఉంది. యేల్‌లో హీబ్రూ, బైబిలు బోధించిన హార్పర్‌కు స్టాగ్ అక్కడే విద్యార్థిగా తెలుసు. జాన్ డి. రాక్‌ఫెల్లర్ ధనంతో చికాగోలో కొత్త విశ్వవిద్యాలయం తెరవబోతూ, దానికి తొలి అధ్యక్షుడైన హార్పర్ స్టాగ్‌ను పిలిచారు. 1892లో స్టాగ్ 2,500 డాలర్ల వార్షిక వేతనంతో, శారీరక విద్య శాఖ అధిపతిగా, అసోసియేట్ ప్రొఫెసర్‌గా, శాశ్వత పదవిలో చేరారు.

హార్పర్ లెక్క సూటిగా ఉంది. భవనాలు ఇంకా పూర్తికాని, పూర్వ విద్యార్థులే లేని విద్యాసంస్థ పేరు దేశమంతటా వినిపించాలంటే ఫుట్‌బాల్ కంటే వేగంగా పనిచేసే సాధనం అప్పటికి మరొకటి లేదు. హార్వర్డ్, యేల్ రెండు శతాబ్దాల్లో సంపాదించుకున్న పేరును చికాగో ఒక దశాబ్దంలో సంపాదించాలని ఆయన కోరిక. శాశ్వత పదవి వల్ల స్టాగ్‌కు ఒక అసాధారణమైన రక్షణ దొరికింది: రెండు సీజన్లు వరుసగా ఓడినా ఆయన కుర్చీ కదిలేది కాదు, ఆటల ఆదాయ వ్యయాల మీద ఇతర అధ్యాపకుల అజమాయిషీ కూడా చాలాకాలం నామమాత్రంగానే ఉండేది. తర్వాతి కోచ్‌లలో అంతటి స్వేచ్ఛ దక్కినవారు అరుదు.

ఆయనే కోచ్, ఆయనే ఆటగాడు కూడానా?

1892లో మాత్రమే. కొత్త విశ్వవిద్యాలయంలో మైదానంలోకి దిగగలిగినవారే కొద్దిమంది కావడంతో తొలి సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లలో ఆయనే దిగి ఆడారు. అప్పటి నియమాలు అంత వదులుగా ఉండేవి.

ఇది వివేకానంద ప్రసంగించిన చికాగోయేనా? రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

నగరం అదే, కాలం కూడా అదే. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు అనుబంధంగానే సెప్టెంబరులో సర్వమత సమ్మేళనం జరిగింది. అయితే వివేకానంద మాట్లాడిన భవనం నగర మధ్యంలో, సరస్సు ఒడ్డున ఉంది. ప్రదర్శనలో వినోదాల వీధిగా ఉన్న మిడ్‌వే మాత్రం విశ్వవిద్యాలయం గోడ పక్కనే ఉంది. తర్వాతి కాలంలో స్టాగ్ జట్టుకు వచ్చిన ‘మిడ్‌వే రాక్షసులు’ అనే బిరుదు ఆ వీధి పేరు నుంచే పుట్టింది. స్టాగ్‌కూ సమ్మేళనానికీ నేరుగా సంబంధం లేదు. ఆ బిరుదును తర్వాత వృత్తి జట్టయిన చికాగో బేర్స్ తీసుకుంది. వృత్తి ఫుట్‌బాల్‌ను 1923లో బహిరంగ లేఖ రాసి మరీ ఖండించిన మనిషి జట్టు బిరుదుకు పట్టిన గతి అది.

విద్యుద్దీపాల కింద, పైకప్పు ఉన్న మందిరంలో అప్పట్లోనే ఆడారంటే నమ్మవచ్చా?

నమ్మవచ్చు. 1896 నవంబరులో థాంక్స్‌గివింగ్ రోజున చికాగో కొలీజియం అనే పెద్ద మందిరంలో చికాగో, మిషిగన్ జట్లు తలపడ్డాయి, చివరికి విద్యుద్దీపాలు వెలిగించి ఆట పూర్తిచేశారు. చికాగో 7–6 తేడాతో గెలిచింది. అప్పుడు ఫీల్డ్ గోల్‌కు (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నినందుకు) అయిదు పాయింట్లు, టచ్‌డౌన్‌కు (బంతిని గోల్ గీత దాటించినందుకు) నాలుగే. కాబట్టి టచ్‌డౌన్ ఒక్కటి కూడా చేయకుండానే చికాగో గెలవగలిగింది. ఆ ఫీల్డ్ గోల్ కొట్టిన క్లారెన్స్ హెర్ష్‌బర్గర్ 1898లో ఆల్ అమెరికా మొదటి జట్టులోకి ఎంపికై, తూర్పు కళాశాలల గుత్తాధిపత్యాన్ని ఛేదించారు. కొలీజియం మ్యాచ్‌కు రెండేళ్ల ముందే, 1894 క్రిస్మస్ నాడు, స్టాగ్ తన జట్టును రైలులో శాన్‌ఫ్రాన్సిస్కో వరకు తీసుకెళ్లి స్టాన్‌ఫర్డ్‌ను 24–4తో ఓడించారు. ప్రచారం విషయంలో హార్పర్‌కు తగిన శిష్యుడే.

1905 మిషిగన్ మ్యాచ్‌ను అంత గొప్పగా ఎందుకు చెబుతారు? స్కోరు 2–0 మాత్రమే కదా?

ఎదుట ఉన్న జట్టును చూస్తే ఆ రెండు పాయింట్ల బరువు తెలుస్తుంది. ఫీల్డింగ్ యోస్ట్ శిక్షణలో మిషిగన్ 1901 నుంచి 56 మ్యాచ్‌లలో ఒక్కటి కూడా ఓడలేదు. ఒక్కటి మాత్రం సమంగా ముగిసింది. నిమిషానికో పాయింటు చేసే జట్టని దానికి పేరు. 1905 నవంబరు 30న, చికాగో మైదానంలో, పాతిక వేలకు పైగా ప్రేక్షకుల ఎదుట ఆట చాలాసేపు ఇరుపక్షాలా పాయింట్లు లేకుండానే నడిచింది. మైదానంలో జట్టు ఆటను నడిపించే చికాగో క్వార్టర్‌బ్యాక్ వాల్టర్ ఎకర్‌సాల్ బంతిని పంట్ చేసి (చేతి నుంచి వదిలి దూరంగా తన్ని) పదేపదే మిషిగన్‌ను వెనక్కి నెట్టారు. రెండో సగంలో అలాంటి ఒక పంట్ గోల్ గీత దాటి పడింది. మిషిగన్ ఆటగాడు డెన్నిసన్ క్లార్క్ దానిని అక్కడే వదిలేయకుండా పట్టుకుని బయటికి పరుగెత్తబోయారు. మార్క్ కాట్లిన్, ఆర్ట్ బాడెనాక్ ఆయనను గోల్ గీత వెనక్కి నెట్టి పడగొట్టారు. దానిని సేఫ్టీ అంటారు, రెండు పాయింట్లు. ఆ ఆటకు అదే మొత్తం స్కోరు.

ఆ విజయంతో చికాగో ఓటమి లేకుండా సీజన్ ముగించింది, తర్వాతి చరిత్రకారులు ఆ సంవత్సరపు జాతీయ విజేతగా దానినే గుర్తించారు. ఓడిన పక్షంలో నింద అంతా క్లార్క్ మీద పడింది. పత్రికలు ఆ యువకుడి పట్ల చాలా క్రూరంగా రాశాయి. ఆట ఎంత పెద్దదైందో, దాన్ని ఆడే విద్యార్థులు ఎంత చిన్నవారో ఈ మ్యాచ్ ఒక్కటే చెబుతుంది.

1905లో ఫుట్‌బాల్‌ను నిషేధించబోయారని విన్నాను. స్టాగ్ పాత్ర ఏమిటి?

ఆ కాలంలో గుంపుగా దూసుకుపోయే ఎత్తుల వల్ల ఆటగాళ్లు మైదానంలోనే చనిపోతుండేవారు. 1905 అక్టోబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను పిలిచి మాట్లాడారు; ఆ సీజన్ మరణాల తర్వాత కొన్ని కళాశాలలు ఆటనే మానుకున్నాయి. 1906లో నియమాలు మారాయి: ఫార్వర్డ్ పాస్ (బంతిని ముందుకు విసరడం) చట్టబద్ధమైంది, మూడు ప్రయత్నాల్లో పది గజాలు సాధించాలన్న నిబంధన వచ్చింది. కళాశాల క్రీడలను పర్యవేక్షించే నేటి ఎన్‌సీఏఏ సంస్థకు పూర్వరూపం కూడా అప్పుడే ఏర్పడింది.

స్టాగ్ నియమాల సంఘంలో సభ్యులు, అక్కడ తూర్పు కళాశాలల మధ్య పశ్చిమ ప్రాంతపు గొంతు ఆయనది. కొత్త పాస్‌ను అనుమానంగా చూసిన కోచ్‌లే ఎక్కువగా ఉన్న 1906లో తన దగ్గర 64 రకాల పాస్ ఎత్తులు సిద్ధంగా ఉండేవని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ సంఖ్యను అలాగే తీసుకోనవసరం లేదు కానీ, ఆయన విద్యార్థి జెస్సీ హార్పర్ నోటర్ డామ్‌కు కోచ్‌గా వెళ్లి 1913లో పాస్ ఆటతో ఆర్మీ జట్టును ఓడించారు. ఆ నోటర్ డామ్ జట్టులో ఆడిన నూట్ రాక్నీ తర్వాత అంతకంటే పెద్ద కోచ్ అయ్యారు.

హడిల్, ట్యాక్లింగ్ డమ్మీ, జెర్సీ మీద అంకెలు... ఇవన్నీ ఆయనే కనిపెట్టారా?

అన్నీ ఆయన ఖాతాలోనే వేయడం తొందరపాటు. అప్పట్లో ఎత్తులను నమోదు చేసే వ్యవస్థ లేదు, ఒకే ఆలోచన రెండు మూడు చోట్ల ఒకేసారి పుట్టేది. ఆటగాళ్లు వలయంగా గుమిగూడి మాట్లాడుకునే హడిల్‌నే తీసుకుంటే, చెవిటి విద్యార్థుల కళాశాల అయిన గాలొడెట్‌లో 1890లలో పాల్ హబ్బర్డ్ తమ చేతి సంజ్ఞలు ఎదుటివారికి కనబడకుండా ఉండేందుకు దానిని వాడినట్టు బలమైన చరిత్ర ఉంది. స్టాగ్ దానిని స్వీకరించి, తన ప్రాంతంలో వ్యాప్తి చేశారనడం సమంజసం.

ట్యాక్లింగ్ సాధనకు వాడే దిండు బొమ్మ విషయంలో ఆయన వాదనకు బలం ఎక్కువ. యేల్ రోజుల్లోనే పరుపును చుట్టి అలాంటి సాధన చేయించానని ఆయన చెప్పారు. బేస్‌బాల్‌లో వలపంజరంలో బ్యాటింగ్ సాధన, ఫుట్‌బాల్‌లో ఎండ్ ఆటగాళ్లను వెనక్కి నిలబెట్టే వ్యూహం, బంతి కదలకముందే ఒక ఆటగాడిని పక్కకు పరుగెత్తించడం వంటివి ఆయన తొలుత వాడినవాటిలో ఒకటిగానో, విస్తరించినవాటిలో ఒకటిగానో చెప్పుకోదగినవి. అంకెల జెర్సీల విషయంలో ఇతర జట్లకు కూడా పోటీ హక్కులు ఉన్నాయి. ఫుట్‌బాల్ అంతా స్టాగ్ దగ్గర నుంచే వచ్చిందన్న మాట రాక్నీ పేరుతో ప్రచారంలో ఉంది. అది శిష్యపరంపర పట్ల గౌరవం చూపే మాట. చరిత్ర రికార్డుగా తీసుకునే మాట కాదు.

ఆయన ఆటగాళ్లను బూతులు తిట్టేవారు కాదట, నిజమా?

నిజమే. తిట్టు నిషేధం ఆయన శిక్షణలో ఖచ్చితమైన నియమం. మద్యం, పొగాకు కూడా అంతే. కోపం పతాకస్థాయికి వెళితే ఆయన నోటి నుంచి వచ్చేది ‘గాడిద’, అది చాలనప్పుడు ‘రెట్టింపు గాడిద’ అని ఆయన దగ్గర ఆడినవారు చెప్పుకునేవారు.

నియమాల విషయంలో నిజంగా అంత నిష్ఠగా ఉండేవారా, లేక అది కట్టుకథేనా?

1922 అక్టోబరులో ప్రిన్స్‌టన్‌తో జరిగిన మ్యాచ్‌ను ఉదాహరణగా చెబుతారు. చివరి భాగంలో 18–7 ఆధిక్యంలో ఉన్న చికాగో వెనుకబడి 21–18 వద్ద నిలిచింది. ముగింపులో బంతి ప్రిన్స్‌టన్ గోల్ గీతకు గజం దూరంలో ఉంది. గుంపులోకి పరుగెత్తకుండా పాస్ వేయమని చెప్పేందుకు ఒక ప్రత్యామ్నాయ ఆటగాడిని పంపుదామని సహాయకుడు ఫ్రిట్జ్ క్రిస్లర్ సూచించగా, మైదానం బయటి నుంచి సమాచారం పంపడం నియమాల స్ఫూర్తికి విరుద్ధమని స్టాగ్ ఒప్పుకోలేదు. చికాగో గీత దాటలేకపోయింది, ఓడింది. ఆ నియమాలను రాసిన సంఘంలో తానూ ఒకరు కావడం ఆయన నిర్ణయానికి కారణమై ఉండవచ్చు.

మరి ఆయన మీద విమర్శలు ఏవీ లేవా?

ఉన్నాయి, అవి గట్టివే. 1905లో కాలియర్స్ పత్రిక పశ్చిమ ప్రాంత కళాశాలలు ఆటగాళ్లను ఎలా సంపాదిస్తున్నాయో వరుస వ్యాసాలు ప్రచురించినప్పుడు చికాగో కూడా అందులో ఉంది. ఉన్నత పాఠశాలల్లో మంచి ఆటగాళ్లను ముందుగానే ఆకర్షించేందుకు పోటీలు నిర్వహించడం, ఆటగాళ్లకు ప్రత్యేక భోజన వసతి, చదువులో వెసులుబాటు వంటి పద్ధతులు ఆయన శాఖలో రూపుదిద్దుకున్నాయి. గొప్ప ఆటగాడైన ఎకర్‌సాల్ అక్కడ డిగ్రీ పూర్తి చేయలేదు. ఔత్సాహిక ఆట పవిత్రతను ప్రబోధించిన వ్యక్తి విభాగంలోనే ఇవన్నీ జరగడం ఆయన జీవితంలో అత్యంత ఇబ్బందికరమైన పేజీ. ఆయన దొంగ మనిషి అనలేం. పోటీకి నిలవాలంటే చేయక తప్పదనుకున్న ప్రతి పనికీ నైతిక కారణం వెతుక్కోగలిగిన మనిషి అనవచ్చు.

చికాగోలో ఎన్ని టైటిళ్లు గెలిచారు?

నేడు బిగ్ టెన్ అని పిలిచే సమాఖ్యలో ఏడు: 1899, 1905, 1907, 1908, 1913, 1922, 1924. చివరి టైటిల్ సంవత్సరంలో ప్రసిద్ధ ఆటగాడు రెడ్ గ్రేంజ్ ఉన్న ఇలినాయ్‌తో జరిగిన 21–21 మ్యాచ్‌ను పాతతరం పాత్రికేయులు చాలాకాలం గుర్తుచేసుకున్నారు. అదే 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికన్ అథ్లెట్లకు శిక్షణ ఇచ్చినవారిలో కూడా ఆయన ఉన్నారు.

## నిష్క్రమణ, పసిఫిక్ కళాశాల

చికాగో ఆయనను తీసేసిందా?

మాటలో పదవీ విరమణ, ఆచరణలో సాగనంపడం. 1929లో అధ్యక్షుడైన రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ విశ్వవిద్యాలయాన్ని పూర్తిగా మేధోకేంద్రంగా మలచాలనుకున్నారు; ఫుట్‌బాల్ ఆయనకు అడ్డంకి. 70 ఏళ్లకు విరమించాలన్న నిబంధన ప్రకారం 1932 సీజన్‌తో స్టాగ్ కోచ్ పదవి ముగిసింది. అప్పటికి జట్టు బలహీనపడింది కూడా. చివరి ఏళ్లలో ఓటములే ఎక్కువ. వేరే గౌరవ బాధ్యత ఇస్తామన్నా ఆయన అంగీకరించలేదు. శిక్షణ ఇవ్వని ఉద్యోగం ఆయనకు ఉద్యోగంలా తోచలేదు.

డెబ్భై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియా వెళ్లి ఏం సాధించారు?

స్టాక్టన్ పట్టణంలోని పసిఫిక్ కళాశాల ఆయనను 1933లో తీసుకుంది. చిన్న కళాశాల, స్వల్ప నిధులు, పెద్ద జట్లతో మ్యాచ్‌లు. ఓటములు చాలానే ఉన్నాయి. కానీ అక్కడ ఆయన 14 సీజన్లు ఉన్నారు. 1943లో యుద్ధకాలపు నావికాదళ శిక్షణార్థులు ఆ కళాశాలకు రావడంతో జట్టు బలపడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్ని, యూసీఎల్‌ఏను ఓడించింది. 81 ఏళ్ల స్టాగ్‌ను తోటి కోచ్‌లు ఆ సంవత్సరపు ఉత్తమ కోచ్‌గా ఎన్నుకున్నారు. 1946 తర్వాత సలహాదారుగా ఉండమని కళాశాల కోరినప్పుడు మళ్లీ అదే జరిగింది: ఆయన వెళ్లిపోయారు.

తనను పంపేసిన చికాగో మీద ఎప్పుడైనా గెలిచారా?

గెలిచారు. 1938 నవంబరులో పసిఫిక్ జట్టుతో చికాగోకు వచ్చి, తన పేరే పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లో 32–0 తేడాతో చికాగోను ఓడించారు.

ఆ తర్వాత చికాగో ఫుట్‌బాల్‌నే మానేసిందంటారు. ఎందుకు?

1939 సీజన్ స్కోర్లు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది: హార్వర్డ్ చేతిలో 61–0, మిషిగన్ చేతిలో 85–0, ఒహాయో స్టేట్ చేతిలో 61–0. మిషిగన్ కోచ్ ఎవరో కాదు, స్టాగ్ శిష్యుడైన ఫ్రిట్జ్ క్రిస్లరే. నియామకాల్లో ఇతర కళాశాలలతో పోటీ పడేందుకు హచిన్స్ సిద్ధంగా లేరు, పోటీ పడకుండా ఆడితే ఇలాంటి స్కోర్లే వస్తాయి; డిసెంబరులో జట్టును రద్దు చేశారు. నాలుగేళ్ల కిందటే, 1935లో, ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీని మొట్టమొదట అందుకున్న జే బర్వాంగర్ ఇదే విశ్వవిద్యాలయపు ఆటగాడు. హార్పర్ ఏ ప్రచారం కోసం ఫుట్‌బాల్‌ను తెచ్చారో, అది దక్కిన తర్వాత విశ్వవిద్యాలయానికి దాని అవసరం తీరిపోయింది. 1969లో చిన్నస్థాయిలో మళ్లీ మొదలుపెట్టారు.

అణు ప్రయోగం ఆయన మైదానంలోనే జరిగిందా?

అవును. 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి బృందం ప్రపంచంలో తొలిసారి మనిషి నియంత్రణలో అణు గొలుసు చర్యను సాధించింది స్టాగ్ ఫీల్డ్ పశ్చిమ గ్యాలరీల కింద ఉన్న రాకెట్ ఆటల గదిలోనే. ఫుట్‌బాల్ లేకపోవడంతో ఆ స్థలం ఖాళీగా ఉంది. ఆ మైదానాన్ని తర్వాత కూల్చివేశారు. ఇప్పుడు ఆ ప్రాంతంలో విశ్వవిద్యాలయ ప్రధాన గ్రంథాలయం ఉంది.

## చివరి సంవత్సరాలు, వారసత్వం

కొడుకు దగ్గర సహాయకుడిగా పనిచేశారా?

1947 నుంచి 1952 వరకు పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విశ్వవిద్యాలయంలో కుమారుడు స్టాగ్ జూనియర్‌తో కలిసి పనిచేశారు. 1951లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. భార్య స్టెల్లాతో 1894లో పెళ్లయింది; దశాబ్దాల పాటు ఆమె గ్యాలరీలో కూర్చుని ప్రతి ఎత్తునూ కాగితం మీద గీసి పెట్టేవారు, ప్రత్యర్థి జట్ల ఆటను పరిశీలించేవారు. ఆ రోజుల్లో కోచ్ భార్య చేసిన ఈ పనికి జీతం గానీ పదవి గానీ ఉండేవి కావు. 1952 తర్వాత దంపతులు స్టాక్టన్‌కు తిరిగి వచ్చారు, స్టాగ్ అక్కడి జూనియర్ కళాశాలలో బంతిని తన్నే ఆటగాళ్లకు మెళకువలు నేర్పుతూ 1960 వరకు కొనసాగారు. స్టెల్లా 1964లో, ఆయన 1965 మార్చి 17న, 102 ఏళ్ల వయసులో మరణించారు.

314 విజయాల రికార్డు అంటారు. కొన్నిచోట్ల వేరే కోచ్‌లే ముందున్నారని ఎందుకు ఉంది?

స్టాగ్ లెక్క 314 విజయాలు, 199 ఓటములు, 35 సమాన ఫలితాలు. ఇందులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 10, చికాగోలో 244, పసిఫిక్‌లో 60. కొడుకుతో కలిసి పనిచేసిన సస్క్వెహానా విజయాలు ఈ లెక్కలో లేవు. 1981 నవంబరు 28న అలబామా కోచ్ బేర్ బ్రయంట్ 315వ విజయంతో దీనిని దాటారు. స్టాగ్ సమకాలికుడైన కోచ్ పాప్ వార్నర్ విజయాలను చాలాకాలం 313గా లెక్కించి, తర్వాత పాత మ్యాచ్‌లను చేర్చి 319కి పెంచారు. తొలితరం మ్యాచ్‌లలో ఏది అధికారికం, ఏది సాధన మ్యాచ్ అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ఏ జాబితా చూసినా అది ఏ లెక్కను అనుసరించిందో గమనించాలి.

ఇప్పుడు అమెరికాలో ఆయన పేరు ఎక్కడ కనిపిస్తుంది?

చికాగో శివారులోని పాలోస్ హిల్స్‌లోను, కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లోను ఆయన పేరుతో ఉన్నత పాఠశాలలు ఉన్నాయి. ఆ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు స్టాగ్ అనేది ముందుగా బడి పేరుగానే పరిచయమై ఉండవచ్చు. బిగ్ టెన్ విజేతకు ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరుంది. 1951లో ఏర్పడిన కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలో ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా ఆయనను చేర్చారు. ఆటగాళ్లకు క్రీడా ఉపకార వేతనాలు ఇవ్వని మూడో శ్రేణి కళాశాలల జాతీయ ఫైనల్‌ను 1973 నుంచి స్టాగ్ బౌల్ అని పిలుస్తున్నారు. చికాగో విశ్వవిద్యాలయ జట్టు ఇప్పుడు ఆడుతున్నది ఆ శ్రేణిలోనే.